గోడలు తీసేసిన పాత ఇంటి హాలు కుదరడం లేదా? ముందు నడక దారి తేల్చుకోండి

మా ఇంటికి చుట్టాలొచ్చి హాల్లో కూర్చున్నప్పుడల్లా ఒకటే తంతు. నాయనమ్మ చేతికర్ర పట్టుకుని దొడ్డివైపు బయల్దేరేది. టీవీ ముందున్నవాళ్లంతా కాళ్లు వెనక్కి లాక్కునేవాళ్లు, ఎవరో ఒకరు టీపాయ్ పక్కకు జరిపేవాళ్లు. "కూర్చోండి నాయనా, కూర్చోండి" అంటూ ఆమె ఆ సందులోంచి మెల్లగా దాటేది. తిరిగొచ్చేటప్పుడు మళ్లీ అంతే. 13 అడుగుల వెడల్పు, 33 అడుగుల పొడవు, అంటే దాదాపు 430 చదరపు అడుగుల హాలు మాది. అంత హాలుండి కూడా ఇంటి పెద్దావిడ నడవడానికి దారి లేదు. అది చూసి చూసి మనసు కష్టమయ్యే ఈ పని మొదలుపెట్టాను.

మాది కావలి. ఇక్కడే కాదు, నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నలభై యాభై ఏళ్ల కిందటి ఇళ్లు చాలావరకు ఇదే తీరులో ఉంటాయి. ముందు పంచ, లోపల ముందుగది, ఆ తర్వాత నడిమిల్లు, వెనక భోజనాల గది, పక్కన వంటిల్లు, ఆపైన దొడ్డి. తర్వాతి తరం వచ్చాక అపార్ట్‌మెంట్లలో పెద్ద హాళ్లు చూసి మధ్య గోడలు రెండూ తీయించేస్తారు. మా ఇంట్లోనూ అదే జరిగింది. గోడలు పోయాక వెలుతురు వచ్చింది, ఫంక్షన్లకు వీలైంది, ఆ మేలు నేను కాదనను. కానీ వీధి గుమ్మంలో నిలబడితే వంటింటి గట్టు మీద గిన్నెలు కనబడతాయి, చేపల పులుసు పెడితే సోఫా కవర్లకు రెండు రోజులు వాసన పోదు, పదో తరగతి పిల్లకు చదువుకునే మూల లేదు, సామానంతా గోడల పక్కకు చేరి మధ్యలో మైదానం మిగులుతుంది.

ఇలాంటి హాలు చూడగానే చాలామంది మళ్లీ గోడ కట్టిద్దాం అంటారు, లేకపోతే కొత్త సోఫా సెట్ కొంటారు. రెండూ తొందరపాటే. సమస్య గోడల్లో లేదు, సోఫాలో లేదు, నడకలో ఉంది. మనుషులు ఎటునుంచి ఎటు నడుస్తున్నారో తేలితే ఎక్కడ కూర్చోవాలో, ఎక్కడ అడ్డు పెట్టాలో దానంతటదే తేలుతుంది. నేను చేసిన వరుసలోనే చెప్తాను.

మొదటి పని: వారం రోజులు ఏమీ కదపకండి, నేల చూడండి

మీ ఇంట్లో పాత కడప బండలు ఉంటే మీ అదృష్టం. ఒక సాయంత్రం లైట్లన్నీ ఆర్పి, వీధి తలుపు తీసి, నేలకు కళ్లు దగ్గర పెట్టి చూడండి. మనుషులు నడిచిన చోట బండ నున్నగా, నల్లగా మెరుస్తుంది, నడవని చోట బూడిద రంగులో గరుగ్గా ఉంటుంది. మా హాల్లో వీధి గుమ్మం నుంచి దొడ్డి గుమ్మం దాకా రెండున్నర అడుగుల వెడల్పున ఒక నల్లటి చార కనబడింది. అందులోంచి ఒక పాయ వంటింటికి, ఇంకోటి దక్షిణం వైపు పడకగదికి. నలభై ఏళ్లుగా ఇంటిల్లిపాదీ నడిచిన దారి అది. మేము సరిగ్గా దాని మీదే టీపాయ్ వేసుకుని కూర్చున్నాం.

టైల్స్ వేసిన ఇల్లయితే ఇంత స్పష్టంగా కనబడదు. అప్పుడు ఒక కాగితం మీద హాలు బొమ్మ గీసి గోడకు అంటించండి. ఇంట్లోవాళ్లు ఎటు నుంచి ఎటు వెళ్లినా పెన్సిల్‌తో ఒక గీత గీయమనండి. పిల్లలు ఈ పని సరదాగా చేస్తారు. నాలుగు రోజులకే గీతలు ఎక్కడ ముద్దగా ఉన్నాయో కనబడుతుంది. దాంతోపాటు ఎవరు ఏ టైంలో ఎక్కడ కూర్చుంటున్నారో కూడా రాసుకోండి. పొద్దున పేపరు చదివే చోటు, మధ్యాహ్నం కూరగాయలు తరిగే చోటు, రాత్రి పిల్లలు హోంవర్క్ చేసే చోటు. మా అమ్మ డైనింగ్ టేబుల్ ఉండగా కూడా దొడ్డి గుమ్మం పక్కన నేల మీద కూర్చునే చిక్కుళ్లు ఒలిచేది. ఎందుకమ్మా అంటే "ఇక్కడ గాలి తగులుద్దిరా" అంది. ఆ ఒక్క మాట తర్వాత చాలా పనికొచ్చింది.

కొలతలు

16 అడుగుల స్టీలు టేపు, ఒక గ్రాఫ్ పుస్తకం చాలు. అర అంగుళం ఒక అడుగు అనుకుని గీస్తే మా హాలు ఆరున్నర అంగుళాలు, పదహారున్నర అంగుళాలు వచ్చింది, రెండు కాగితాలు అతికిస్తే సరిపోయింది. పాత గోడలు తిన్నగా ఉంటాయని అనుకోవద్దు. వెడల్పును మూడు చోట్ల కొలవండి, మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి, ఆ రెండూ సమానంగా లేకపోతే హాలు వంకరగా ఉందన్నమాట. రెడీమేడ్ అల్మరా ఆర్డర్ ఇచ్చేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు, రెండంగుళాల తేడాతో పెట్టె మూలలో ఇమడదు. తలుపు రెక్కలు ఎటు తెరుచుకుంటాయి, కిటికీ అడుగు అంచు నేల నుంచి ఎంత ఎత్తు, స్విచ్‌బోర్డులు, ఫ్యాన్ హుక్కులు, నేల మీద ఎత్తుపల్లాలు, ఇవన్నీ ఆ కాగితం మీదికి ఎక్కాలి.

ఇంటి బరువు ఎక్కడ దిగుతుందో తెలుసుకోవడం

ఇక్కడ మాత్రం నిదానంగా చదవండి. ఇది ప్రాణాలకు సంబంధించిన సంగతి.

పాత ఇళ్లలో ఎక్కువ భాగం పిల్లర్ల మీద నిలబడినవి కావు, గోడల మీద నిలబడినవి. పైకప్పు రెండు రకాలుగా ఉండొచ్చు. ఒకటి మామూలు సిమెంటు శ్లాబు. రెండోది మద్రాసు మిద్దె, అంటే వరసగా టేకు దూలాలు వేసి, వాటి మీద చిన్న ఇటుకలు నిలువుగా పేర్చి, సున్నంతో కట్టి, పైన సున్నపు కాంక్రీటు దట్టంగా వేసినది. తల పైకెత్తితే దూలాలు కనబడితే అది మిద్దె. దూలాల చివర్లు ఏ గోడల మీద కూర్చున్నాయో ఆ గోడలే ఇంటిని మోస్తున్నాయి. శ్లాబు ఇంట్లో ఇంత తేలిగ్గా తెలియదు. 9 అంగుళాల గోడ అయితే అది బరువు మోస్తోందనే అనుకోవాలి. నాలుగున్నర అంగుళాల గోడ సాధారణంగా అడ్డుగోడే, అయినా పైన ఏముందో చూడకుండా సుత్తి వేయకూడదు.

మా హాల్లో గోడలు తీసినప్పుడు ఒక చోట ఇనుప గర్డరు పెట్టారు, దానికింద దక్షిణపు గోడకు 4 అడుగుల దూరంలో ఒక పిల్లరు వేశారు. రెండో చోట ఏమీ పెట్టలేదు. ఆ పని చేసిన మనిషి "అది ఉత్త అడ్డుగోడే" అన్నాడట, ఇంట్లోవాళ్లు నమ్మారు. కొన్నేళ్లకు ఆ చోట శ్లాబు కింద సన్నటి గీత పడింది. నేను పని మొదలుపెట్టేముందు ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించాను. ఆయన ఆ పగులుకు అడ్డంగా ఒక చిన్న గాజు ముక్కను సిమెంటుతో అతికించి, మూడు నెలలు చూడమన్నాడు. పగులు ఇంకా కదులుతుంటే గాజు పుటుక్కున విరుగుతుంది. మాది విరగలేదు. ఆ తర్వాతే ఆయన రెండో చోట కూడా గర్డరు వేయించి, పని ముందుకు సాగనిచ్చాడు. ఇంజనీరుకు ఇచ్చే ఫీజు మొత్తం ఖర్చులో చిన్న ముక్క. అది మిగుల్చుకోవాలని చూడకండి.

కొత్తగా గోడ కట్టడానికీ ఇదే జాగ్రత్త. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, పదడుగుల ఎత్తు, ఒక్క అడుగు పొడవు ముక్క తీసుకుంటే పూతతో కలిపి 200 కేజీలు దాటుతుంది. కింది ఇంట్లో ఒట్టి బండల మీద లేపితే నేల కుంగుతుంది, కింద చిన్న పునాది అయినా కావాలి. మేడ మీద శ్లాబు మధ్యలో అయితే అసలు వద్దు. తప్పదనుకుంటే సిమెంటు ఫైబర్ బోర్డు పార్టిషన్ గానీ, తేలికపాటి ఏఏసీ బ్లాకులు (లోపల గాలి బుడగలుండే సిమెంటు దిమ్మలు) గానీ ఆలోచించాలి, అవీ ఇంజనీరు సరేనన్నాకే.

నడక దారిని పక్కకు తిప్పడం

అసలు మలుపు ఇదే. మా హాలు వెడల్పు 13 అడుగులు. దారి సరిగ్గా నడిమధ్య నుంచి పోతోంది. మనుషులు ఒకరికొకరు తగలకుండా నడవాలంటే దారికి 3 అడుగులు కావాలి. 13లో 3 తీసేస్తే 10, అటు 5, ఇటు 5. అయిదడుగుల పట్టీలో ఏం వస్తుంది? సోఫాకే మూడడుగులు పోతుంది. అందుకే సోఫా ఒక వైపు, టీవీ ఒక వైపు, మధ్యలో నడిచేవాళ్లు. ఎన్నిసార్లు సోఫా మార్చినా అదే గొడవ, ఎందుకంటే లెక్కలోనే కుదరదు.

అదే దారిని దక్షిణపు గోడ పక్కకు తోసి మూడున్నర అడుగులు ఇచ్చేశామనుకోండి, ఉత్తరం వైపు తొమ్మిదిన్నర అడుగుల వెడల్పున ఒకే పట్టీ మిగులుతుంది, కిటికీలన్నీ అటే ఉన్నాయి. పడకగదుల తలుపులు ఎలాగూ దక్షిణాన ఉన్నాయి కాబట్టి దారి వాటి ముందు నుంచే పోతుంది. ఇన్నాళ్లూ కాళ్లకు అడ్డం పడుతోందని తిట్టుకున్న ఆ పిల్లరు దక్షిణపు గోడకు 4 అడుగుల్లో ఉంది గదా, దారికి గట్టులాగా సరిగ్గా అతికింది. కాగితం మీద ఆ గీత గీసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

మీ ఇంట్లో లెక్క వేరుగా ఉంటుంది, సూత్రం మాత్రం ఇదే. ఎక్కువ తలుపులు ఏ గోడకు ఉన్నాయో ఆ గోడ పక్కకే దారి పంపండి. పెద్ద దారికి 3 అడుగులు తగ్గొద్దు, వీల్‌చైర్ గానీ వాకర్ గానీ రావాల్సిన ఇల్లయితే మూడున్నర పెట్టండి. వంటింటికి పోయే చిన్న పాయకు రెండున్నర చాలు. దారి ఎక్కడా సోఫాకూ టీవీకీ మధ్య నుంచి, పొయ్యికీ సింకుకూ మధ్య నుంచి పోకూడదు.

అయితే నలభై ఏళ్ల అలవాటు ఉట్టినే మారదు. మనిషి గుమ్మంలోకి రాగానే నేరుగా ముందుకే పోతాడు. అతన్ని మెల్లగా ఎడమకు తిప్పడానికి గుమ్మానికి 5 అడుగులు లోపల, పాత దారికి ఎదురుగా ఛాతీ ఎత్తు చెక్క జాలీ ఒకటి పెట్టాం. 4 అడుగుల ఎత్తు. దాని వెనకే కూర్చునే చోటు. ఇంట్లోకి వచ్చేవాళ్లకు మనుషుల తలలు కనబడతాయి, గిన్నెలు కనబడవు.

చీరలు కట్టి చూడండి

వడ్రంగికి అడ్వాన్సు ఇచ్చేముందు పది రోజులు పరీక్ష పెట్టుకోండి. ప్లాస్టిక్ తాడు గోడ నుంచి గోడకు కట్టి, అడ్డు ఎక్కడ వస్తుందనుకుంటున్నారో అక్కడ పాత చీరలు వేలాడేయండి. అల్మరా వచ్చే చోట అట్టపెట్టెలు పేర్చండి. దారి అంచులు ముగ్గుతో గీయండి. ముగ్గు ఎక్కడ చెరిగిపోతోందో చూస్తే అక్కడ మీ లెక్క తప్పిందని తెలుస్తుంది. మా ఇంట్లో వంటింటి మలుపు దగ్గర రోజూ చెరిగేది. అన్నం గిన్నె రెండు చేతులా పట్టుకుని మా అమ్మ తిరగడానికి నేను ఇచ్చిన చోటు చాలలేదు. డైనింగ్ టేబుల్ ఒక అడుగు కిటికీ వైపు జరిపాక చెరగడం ఆగింది.

ఆ టేబుల్ గురించి ఒక మాట. ఆరుగురు కూర్చునే బల్ల 5 అడుగులు బై 3 అడుగులు ఉంటుంది. కుర్చీ వెనక్కి లాగి లేవడానికి కనీసం రెండున్నర అడుగులు, వెనక నుంచి ఎవరైనా వడ్డించుకుంటూ పోవాలంటే 3 అడుగులు కావాలి. మన ఇళ్లలో వడ్డించడం ఉంటుంది కాబట్టి 3 అనే లెక్కేసుకోండి.

హాలును మూడు ముక్కలుగా అనుకోవడం

ముందు 12 అడుగులు కూర్చునే చోటు. మధ్యలో 10 అడుగులు పెద్దావిడకూ పిల్లల చదువుకూ. వెనక 11 అడుగులు భోజనాలకు. నిజానికి ఇవి పాత గదుల కొలతలే. గోడలు పెట్టినవాళ్లకు తెలిసే పెట్టారని అప్పుడు అర్థమైంది.

మధ్య ముక్క గురించే నేను ఎక్కువ ఆలోచించాను. ఇంట్లో వయసు పైబడినవాళ్లు ఉంటే వాళ్ల మంచాన్ని ఏ మూల పడకగదిలోనో పెట్టేయడం నాకు ఇష్టం లేదు. నాయనమ్మకు వీధి గుమ్మం కనబడాలి, ఎవరొచ్చారో తెలియాలి, అదే సమయంలో మధ్యాహ్నం కునుకు తీస్తుంటే వచ్చినవాళ్లకు ఆమె కనబడకూడదు. దీనికి జాలీ కన్నా మంచిది లేదు. వెలుతురు ఎక్కువున్న వైపుకు తక్కువున్న వైపు కనబడదు, తక్కువున్న వైపు నుంచి ఎక్కువున్న వైపు బాగా కనబడుతుంది. ముందు భాగంలో పగలు గుమ్మం వెలుతురు ఉంటుంది, మంచం వైపు కిటికీకి లేత పరదా వేస్తే పని అయిపోయింది. మంచం పక్కన చేతికందే ఎత్తులో స్విచ్, రాత్రి దారి కనబడేలా ఒక చిన్న లైటు, మంచం నుంచి బాత్రూం దాకా ఎక్కడా గడప అడ్డు లేకుండా ఉండాలి. మంచానికి ఒక వైపైనా 3 అడుగులు ఖాళీ వదలండి, పట్టుకుని లేపాల్సిన రోజు వస్తే మనిషి నిలబడాలి గదా.

అడ్డు దేనితో పెట్టాలి

ముందు ఎత్తు తేల్చుకోండి. మా హాలు పదిన్నర అడుగులు. అడ్డును 7 అడుగుల దగ్గర ఆపేశాను, పైన మూడున్నర అడుగులు ఖాళీ. దీనికి కారణం గాలి. పాత ఇళ్లలో వీధి గుమ్మం, దొడ్డి గుమ్మం ఎదురెదురుగా పెట్టింది ఊరికే కాదు. మన వైపు ఎండాకాలం పొద్దున్నుంచీ పడమటి వేడిగాలి ఇగరబెడుతుంది, మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తిరుగుతుంది. తూర్పు గుమ్మంలోంచి వచ్చిన ఆ చల్లగాలి దొడ్డి గుమ్మంలోంచి పోతేనే ఇల్లు చల్లబడుతుంది. మా అమ్మ చిక్కుళ్లు ఒలుచుకునే చోట తగిలేది అదే. శ్లాబు దాకా అడ్డు కట్టేసి ఆ గాలిని చంపేస్తే, తర్వాత ఏ కూలరూ దాన్ని తిరిగి తేలేదు.

ఇక దేనితో చేయించాలంటే, నా మొదటి ఓటు పాత తలుపులకే. పాత ఇళ్లు పడగొట్టేచోట టేకు తలుపులు, కిటికీ రెక్కలు, ద్వారబంధాలు అమ్ముతారు. మా ఇంట్లో తీసేసిన నడిమింటి తలుపులు అటక మీదే ఉన్నాయి. వాటికి అడుగున చెదలు పట్టిన ఆరంగుళాలు కోయించి, పై పలకలు తీసి ఇత్తడి జాలీ వేయించాను. నాలుగు రెక్కలు కలిపి మడత తలుపులాగా పిల్లరుకు బిగించాం. ఫంక్షన్ రోజు మడిచేస్తే మళ్లీ మొత్తం హాలు.

టీవీ ఉన్న అడ్డు మాత్రం అల్మరా లాగా ఉండాలి, ఒకటిన్నర అడుగు లోతు, ముందు వైపు టీవీ, వెనక వైపు పిల్లల పుస్తకాలు. దీనికి ప్లైవుడ్ వాడేటప్పుడు ఐఎస్ 303 బీడబ్ల్యూఆర్ రకం, అంటే మరిగే నీళ్లను తట్టుకునేది అడగండి, తడి తగిలేచోట ఐఎస్ 710 మెరైన్ ప్లై. పార్టికల్ బోర్డు మన వాతావరణానికి పనికిరాదు. అంతకుముందు ఒక షాపులో కొన్న షోకేస్ నవంబరు ముసురుకు అడుగున ఉబ్బి, అంచు పట్టీ ఊడి, రవ్వరవ్వగా రాలింది. బిల్లులో ప్లైవుడ్ అనే రాశారు, కోసి చూస్తే పొట్టు. అందుకే తెగిన అంచు చూడకుండా ఏదీ కొనొద్దు. పొరలు పొరలుగా కనబడితే ప్లై, రవ్వలాగా కనబడితే కాదు. అల్మరా కాళ్ల కింద రెండంగుళాల గ్రానైట్ ముక్కలు పెట్టించండి, తుడిచే నీళ్లు చెక్కకు ఎక్కవు, చెద కూడా దాగి ఎక్కలేదు. గ్రానైట్ ముక్కలకు మనకు కరువు లేదు, చీమకుర్తి మన పక్కనే ఉంది, పాలిష్ యూనిట్ల దగ్గర మిగులు ముక్కలు దొరుకుతాయి. స్క్రూలు, మడతబందులు స్టెయిన్‌లెస్ స్టీలువే వాడండి, ఉప్పుగాలికి మామూలు ఇనుము తొందరగా తుప్పు పడుతుంది.

జిప్సం బోర్డు వంటింటి పక్కన, నీళ్లు తగిలేచోట వద్దు. పరదాలు చవక, కానీ శబ్దం ఆపవు, పులుసు వాసన పీల్చుకుంటాయి.

వంటింటి వాసన

వంటింటి గోడ కూడా తీసేసిన ఇల్లయితే దాన్ని మాత్రం మళ్లీ మూయమనే చెప్తాను. మనం రోజూ పోపు పెట్టేవాళ్లం, చేపలు వండేవాళ్లం. పూర్తి గోడ అక్కర్లేదు, గట్టు పైన జరిగే గాజు కిటికీ పెడితే వెలుతురు పోదు, వడ్డించడానికి తెరుచుకుంటుంది. చిమ్నీ పెడితే గొట్టం బయటికి పోవాలి. గొట్టం లేని రకం గాలిని వడకట్టి మళ్లీ ఇంట్లోకే వదులుతుంది, ఆవిరి, వేడి ఎక్కడికీ పోవు. పొయ్యి పైన రెండు, రెండున్నర అడుగుల ఎత్తులో బిగించాలి. చిమ్నీ వద్దనుకుంటే పొయ్యి వైపు గోడకు పైన 12 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ చాలు, కానీ అది పనిచేయాలంటే ఎదురుగా ఎక్కడో ఒక కిటికీ తెరిచి ఉండాలి. గాలి లోపలికి రాకపోతే అది బయటికి తోసేదీ ఏమీ ఉండదు.

ఏసీ, ఫ్యాన్లు

హాలుకు ఏసీ వద్దు. ఒకటిన్నర టన్ను ఏసీ 150, 180 చదరపు అడుగుల మూసిన గదికి సరిపోతుంది. 430 అడుగుల తెరిచిన హాల్లో పెడితే మోటారు ఆగకుండా తిరుగుతుంది, కరెంటు బిల్లు తప్ప చల్లదనం రాదు. పడకగదిలో పెట్టుకోండి. హాలు పైకప్పు మీద ఏటా ఎండలు ముదరకముందే సున్నం గానీ తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ గానీ వేయించండి. తేడా అరిచేత్తో శ్లాబు తాకితే తెలుస్తుంది.

ఫ్యాన్లు పాత గదుల మధ్యలో ఉంటాయి, కొత్త అడ్డు సరిగ్గా రెక్కల కిందికి రావచ్చు. అడ్డు చివర నుంచి రెక్క రెండడుగులైనా దూరం ఉండాలి. శ్లాబులో కొత్త హుక్కు వేయించడం నేర్పున్న ఎలక్ట్రీషియన్ పని, మిద్దె అయితే రెండు దూలాల మధ్య ఇనుప పైపు వేసి దానికి వేలాడదీస్తారు.

వైరింగ్, నేల, గోడ అతుకులు

పాత ఇంట్లో అల్యూమినియం వైర్లు, చెక్క పట్టీల మీది వైరింగ్ ఉంటే ఇదే అదను, మొత్తం రాగి వైర్లకు మార్చేయండి. లైట్లకు 1.5, పెద్ద ప్లగ్గులకు 2.5, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు. ఎర్తింగ్ చూపించుకోండి, 30 మిల్లీ ఆంపియర్ ఆర్‌సీసీబీ పెట్టించండి, షాక్ కొట్టిన క్షణంలో అది కరెంటు ఆపేస్తుంది. గోడకు గాడి నిలువుగానే కొట్టించాలి. బరువు మోసే గోడకు అడ్డంగా పొడుగ్గా గాడి కొడితే గోడ అక్కడ సన్నబడుతుంది. టీవీ దగ్గర నాలుగు ప్లగ్గులు, చదువు బల్ల దగ్గర రెండు, మంచం దగ్గర రెండు, డైనింగ్ దగ్గర మిక్సీకో ఇడ్లీ పిండి గ్రైండరుకో ఒకటి, ఇప్పుడే అడిగేయండి.

తీసేసిన గోడ కింద నేల మీద 9 అంగుళాల సిమెంటు పట్టీ మిగిలి ఉంటుంది, పాత బండలకూ దానికీ రంగు కలవదు. కలపాలని చూడకండి, నలభై ఏళ్లు నలిగిన కడప బండకు కొత్త బండ ఎప్పటికీ కలవదు. దానికి బదులు ఆ పట్టీలో మార్కాపురం పలక రాయి గానీ నల్ల గ్రానైట్ గానీ వేయిస్తే, అక్కడ ఒక గది అయిపోయి ఇంకోటి మొదలైనట్టు ఉంటుంది. మా ఇంట్లో చూసినవాళ్లంతా కావాలని వేయించామనుకుంటున్నారు. గదికీ గదికీ అర అంగుళం ఎత్తు తేడా ఉంటే మాత్రం వదలొద్దు. పెద్ద మెట్టు కంటికి కనబడుతుంది, అర అంగుళం కనబడదు, ముసలివాళ్లు తట్టుకునేది దానికే. ఏటవాలుగా కలిపించండి.

పాత గోడ సున్నంతో కట్టినదైతే కొత్త గోడ అతుకు దగ్గర పగులు వస్తుంది. పూత పూసేముందు అక్కడ కోళ్ల జాలీ మేకులతో కొట్టమనండి. మేస్త్రీలకు తెలుసు, అడగకపోతే వేయరు.

ఎప్పుడు, ఎలా చేయించాలి

మన జిల్లాలకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు చుట్టుపక్కల ఎంత అవస్థ పడ్డామో అందరికీ గుర్తే. ఆ నెలల్లో పూత ఆరదు, చెక్క నీరు పీలుస్తుంది, ఇసుక రేటు కూడా పెరుగుతుంది. సంక్రాంతి వెళ్లాక మూఢం లేని రోజు చూసుకుని మొదలుపెడితే ఎండలు ముదిరేలోపు అయిపోతుంది. వరుస తప్పొద్దు. ముందు బరువు పనులు, తర్వాత వైరింగ్, తర్వాత పూత, నేల, రంగు, చివరికి చెక్క పని. వడ్రంగిని ముందే పిలిస్తే పాలిష్ చేసిన చెక్క మీద సున్నం పడుతుంది.

మేస్త్రీతో కూలి కాంట్రాక్టు మాట్లాడుకుని సామాను మీరు తెచ్చుకోండి. డబ్బు పని అయినంతవరకే ఇవ్వండి. చివరి పది శాతం తలుపులన్నీ తెరిచి మూసి, స్విచ్‌లన్నీ వేసి చూశాకే. మా బేల్దారి మేస్త్రీ మంచివాడు, దారి మలుపులో జాలీ పెట్టబోతుంటే "ఆడ వొద్దు సామీ, పెళ్లికూతుర్ని పంపేటప్పుడు, పెద్దోళ్లను తీసకపోయేటప్పుడు నలుగురు మనుషులు పట్టాల గదా, తీసేదానికి వీలుగా పెట్టు" అన్నాడు. నాకు తట్టని సంగతి అది. జాలీని నేలకు బిగించకుండా నాలుగు బోల్టులతో ఊడదీసేలా చేయించాం.

పూత పూసేముందు ప్రతి గోడనూ టేపు ఆనించి ఫోన్‌లో ఫొటో తీయండి, ఏ వైరు ఎక్కడ పోతోందో తెలియాలి. ఆ ఫొటోలు ప్రింట్ తీయించి మీరు గీసిన హాలు బొమ్మతో కలిపి బీరువాలో పెట్టండి. చెక్క పని వానల్లేని పొడి రోజుల్లో చేయించారు కాబట్టి తొలి వానలకు తలుపులు కొంచెం ఉబ్బుతాయి. రెక్కల చుట్టూ 3 మిల్లీమీటర్లు సందు వదలమని వడ్రంగికి ముందే చెప్పండి, కార్తీకంలో ఒకసారి వచ్చి చిత్రిక పట్టి పోయేలా ఆ కూలి కూడా ఇప్పుడే మాట్లాడుకోండి.